జమ్ము పోగొట్టుకున్న తెల్లపువ్వు

ఒకప్పుడు జమ్ముకి తెల్లటి పువ్వు పూసేది. నమ్మరా? మురుక్కాలవలో పొడుగ్గా, నెత్తిన గోధుమరంగు కడ్డీ పెట్టుకుని నిలబడుతుందే, ఆ జమ్మే! అప్పట్లో అది మడుగు ఒడ్డున, మంచినీళ్లలో ఉండేది.

పైడియ్య అనే రైతు కూతురు నూకాలు రోజూ పొద్దున్నే అక్కడికి వచ్చేది. దోసిలితో మడుగు నీళ్లు తాగేది. జమ్ము పువ్వొకటి కోసి జడలో పెట్టుకునేది. "నీ పువ్వే నాకిష్టం," అనేది. ఆ మాటకి జమ్ము రోజంతా మురిసిపోయేది.

ఒకనాడు పైడియ్య వరిచేనికి పురుగుమందు కొట్టాడు. మందు కొట్టాక కొన్నాళ్లు నీళ్లు చేలోనే ఆపాలి కదా! ఇంతలో మబ్బు పట్టింది. "వానొస్తే చేను మునిగిపోద్ది!" అని కంగారుపడి గట్టుకి గండి కొట్టేశాడు. మందు నీళ్లన్నీ మడుగులోకి పారే కాలవలో పడ్డాయి. తీరా వాన ఒక్క చుక్క రాల్లేదు. ఏం మనిషమ్మా!

కాలవ ఏడుస్తూ వచ్చింది. "జమ్మూ, నా ఒళ్లు మండిపోతోంది. దార్లో చేపపిల్లలన్నీ చచ్చి తేలాయి. నేను ఆగలేను, పల్లానికి పారాల్సిందే. పొద్దున్నే ఆ పిల్ల ఈ నీళ్లే తాగుద్ది!"

జమ్ము ఆత్రంగా అడిగింది, "మరెలా?"

"ఎవరైనా నాకడ్డంగా నిలబడి ఈ విషాన్ని పీల్చేయాలి."

మడుగులో ఉన్న తామర మొహం తిప్పుకుంది. "అమ్మో, నా రేకులు పాడైపోవూ?"

జమ్ము ఒడ్డునున్న తన చెల్లెళ్లని వెంటేసుకుని కాలవలోకి దిగింది. వేర్లు బురదలోకి దించి పీల్చింది, పీల్చింది. వేర్లు నల్లబడ్డాయి. తెల్లపువ్వు కమిలి గోధుమరంగు కడ్డీ అయిపోయింది. మడుగులోకి మాత్రం తేటనీళ్లే జారాయి.

తెల్లారింది. నూకాలు వచ్చి కడుపారా నీళ్లు తాగింది. బతికింది పిల్ల! తర్వాత ఒడ్డంతా వెతికింది. "నా తెల్లపువ్వేదీ?"

"ఇదుగో, నేనేనే నూకాలూ!" అంది జమ్ము.

"ఛీ, నువ్వా! కంపు కొడుతున్నావు," అంటూ నూకాలు తామరపువ్వు తెంపి జడలో పెట్టుకుని వెళ్లిపోయింది. చిన్నపిల్ల, దాన్నేమంటాం? జమ్ము మాత్రం ఎంత ఏడ్చిందో.

"పోనీ, ఒడ్డుకి వెళ్లిపో," అంది కాలవ.

"వెళ్లిపోతే, రేపు ఆ పిల్ల ఏ నీళ్లు తాగుతుంది?" అంది జమ్ము.

అప్పటినుంచే జమ్ము మురుక్కాలవల్లో నిలబడి, చేలల్లోంచి వచ్చే చెడ్డనీళ్లు పీలుస్తోంది. దాని పువ్వు ఎవరూ జడలో పెట్టుకోరు. ఆ కడ్డీ ఎండి పగిలినప్పుడు తెల్లటి దూది గాల్లోకి లేస్తుంది, చూశారా? అది ఆ పాత పువ్వే, నూకాలు జడ వెతుక్కుంటూ వస్తుంది. మీ జుట్టు మీద వాలితే వెంటనే దులిపేసుకోకండర్రా.