నిండు కంచం

జబ్బుతో బిడ్డ పోతే వైద్యుడు ఆ జబ్బును తిట్టుకుంటాడు. కడుపునిండా తిన్న బిడ్డ పోతే ఎవర్ని తిట్టుకోవాలి? మౌలాలి అది అంతుపట్టక ఉదయం నుంచి తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆదోని దాటాక ఒక గుట్ట కింద దర్గా, దానికి ఆనుకుని పది మంచాల దవాఖానా ఉండేవి. నూరుల్లా షా అనే ముసలి హకీం దాన్ని నడిపేవాడు. మౌలాలి ఆయన శిష్యుడు. పదేళ్ళు దర్గా వంటశాలలో వడ్డించి, ఆ తర్వాతే మందుల గదిలోకి వచ్చినవాడు. ఆ వంటశాలకు ఒక నియమం ఉంది. తినేవాడు కంచానికి చెయ్యి అడ్డం పెట్టేదాకా గరిటె ఆపకూడదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఉలిగమ్మ అనే ఆమె ఇద్దరు బిడ్డల్ని చెరో చంకన వేసుకుని దవాఖానాకు వచ్చింది. నాలుగేళ్ళ సుంకన్న, రెండేళ్ళ ఈరమ్మ. ఇద్దరూ ఎముకల గూళ్ళు. నూరుల్లా షా పనిమీద పొరుగూరికి బయల్దేరుతూ, "రెండు గంటలకోసారి నాలుగు చెంచాల నీళ్ళు కలిపిన పాలు. అంతే," అని చెప్పి వెళ్ళాడు.

మౌలాలికి మనసొప్పలేదు. ఆకలితో వచ్చినవాడికి చెంచాలు లెక్కపెట్టడం అతని చేతికి రాని విద్య. పైగా సుంకన్న కళ్ళు గిన్నె ఎటు పోతే అటు తిరుగుతున్నాయి. పాలు, బెల్లం, నెయ్యి వేసి గోధుమ పాయసం కాచి పెట్టాడు. వాడు గిన్నెడు తిన్నాడు. ఇంకో గిన్నెడు తిన్నాడు. చెయ్యి అడ్డం పెట్టనే లేదు. ఉలిగమ్మ సంతోషం పట్టలేక ఏడ్చింది. ఈరమ్మకు మింగే ఓపిక లేదు కాబట్టి ఆ పిల్లకు చెంచాపాలే పోశాడు.

మర్నాటికి సుంకన్న పాదాలు ఉబ్బాయి. గుండె దడదడలాడింది. ఒళ్ళు చల్లబడింది. ఆ మర్నాడు తెల్లారేసరికి వాడు లేడు.

మధ్యాహ్నం గురువు తిరిగొచ్చాడు.

"జ్వరం లేదు హజ్రత్. విరేచనాలు లేవు. అడిగి అడిగి తిన్యాడు. ఎందుకు పోయినాడో తెలీకుంది," అన్నాడు మౌలాలి.

"జ్వరం లేదని నీకెట్ల తెలుసు?"

"తాకి చూసినా. చల్లగా ఉన్యాడు."

"పొయ్యిలో కట్టె లేకపోతే మంట యాడ్నుంచి వస్తుంది బేటా?"

మౌలాలి బుర్ర ఇంకా గజిబిజి అయింది. అయితే లోపల రోగం ఉన్నట్టా, లేనట్టా? వాణ్ణి ఆకలి చంపిందా, అన్నం చంపిందా? అడుగుదామనుకునేలోగా గురువు వెళ్ళి ఈరమ్మ మంచం దగ్గర చెంచా పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. ప్రశ్న అడిగినవాణ్ణి అలా నానబెట్టడం ఆయనకు పాత అలవాటే.

అవి రంజాను రోజులు. పొద్దు గూకింది. ఉపవాసం విడవడానికి అందరూ బారుగా కూర్చున్నారు. నూరుల్లా షా తానే కంచం తెచ్చి మౌలాలి ముందు పెట్టాడు. పొగలు కక్కుతున్న పలావు, దాని మీద మాంసం, పైన నెయ్యి.

ఉపవాసం విడవమంటూ అజా పిలుపు వినిపించింది. మౌలాలి చెయ్యి అలవాటుగా పక్కకు వెళ్ళి తడుముకుంది. అక్కడ ఏమీ లేదు.

"హజ్రత్, ఖర్జూరం? నీళ్ళు?"

"ఎందుకు? ఆకలిగా లేదా?"

"ఆకలే. కానీ మొదటే ఇంత ఎట్ల తినేది? పొద్దుటి నుంచి ఖాళీ కడుపు..."

తన మాట తనకే వినబడింది.

"నీది పొద్దుటి నుంచే," అన్నాడు గురువు మెల్లగా. అని తన ఖర్జూరం, తన నీళ్ళు అతని ముందుకు జరిపాడు.

మౌలాలి ఖర్జూరం కొరికి, గుక్కెడు నీళ్ళు తాగి లేచాడు. కంచం ముట్టలేదు. తిన్నగా ఈరమ్మ మంచం దగ్గరికి వెళ్ళి చెంచా అందుకున్నాడు.

ఉలిగమ్మకు కడుపు మండింది. "మగపిల్లోనికి గిన్నెలు గిన్నెలు పెడితివి. ఆడబిడ్డ అనేతలికి చెంచాలు కొలుస్తాండావే! నీకు దయ లేదా సామీ?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మౌలాలికి ఆ క్షణంలో అదే చెయ్యాలనిపించింది కూడా.

"నిండా పెట్టినందుకే వాడు పోయినాడమ్మా," అన్నాడు.

ఉలిగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత వంగి, ఈరమ్మ తల పైకెత్తి పట్టుకుంది.

మౌలాలి చెయ్యి వణికింది. సగం పాలు పిల్ల గడ్డం మీద ఒలికాయి. గడపలో నిలబడి ఉన్న గురువు వైపు దీనంగా చూశాడు.

"వణకనీ బేటా," అన్నాడు నూరుల్లా షా. "చెంచా నిండకుంటే చాలు."