బొమ్మలో లేచిన దూలం

"గురువు గీసిన గీతలో తప్పు కనబడితే శిష్యులేం చేయాలి మాస్టారూ?" అని గౌరీశ్వరి అడిగింది. ఏ గురువో, ఏ గీతో చెప్పలేదు. అడిగినప్పుడు ఆమె చూపు పైడిరాజు మాస్టారి మొహం మీద కాక, ఆయన చెవి సందున దోపుకున్న పెన్సిలు మీద ఉంది.

విజయనగరంలో ఇళ్ల ప్లాన్లు గీయడంలో మాస్టారిది అందెవేసిన చెయ్యి. ఆయన కాగితం మీద గీసిన ఇంటిని కంప్యూటర్లో గోడలతో, కప్పుతో లేపి నిలబెట్టడం గౌరి పని. స్కేలు పట్టుకోవడం కూడా రాకుండా చేరిన పిల్లను ఇంతదాన్ని చేసింది ఆయనే. ఆయన్ని ఎవరైనా పల్లెత్తు మాటంటే ఆమెకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. మోడల్ పూర్తయ్యాక, ఇంటాయన ఎంత పొడుగో అంత పొడుగు మనిషి బొమ్మను చేసి అందులో ఇల్లంతా నడిపించాలి. ఈసారి ఇల్లు వాలీబాల్ కోచ్ సన్యాసినాయుడు గారిది. ఏ గుమ్మం దగ్గరైనా అలవాటుగా వంగే మనిషాయన. ఆయన బొమ్మ మేడ మెట్లెక్కుతుంటే తల తిన్నగా దూలంలోకి దూరిపోయింది. కోచ్ గారు మధ్యలో మనసు మార్చుకుని మెట్లు మరోవైపు తిప్పమంటే, మాస్టారు మెట్లయితే తిప్పారు గానీ దూలం సంగతి మరిచారు. ప్లానులో దూలమంటే ఉత్త చుక్కల గీత. మెట్ల మీద అడ్డంగా పడుకున్నా అక్కడ ఎవరికీ తగలదు.

గౌరి చప్పుడు చేయకుండా మోడల్లో ఆ దూలాన్ని పైకి జరిపేసింది. ఆయన తప్పును ఆయనకే చూపించడానికి ఆమెకు నోరు రాలేదు. కాగితాన్ని తర్వాత ఎలాగో సరిచేయవచ్చులే అనుకుంది. పిచ్చిపిల్ల, అభిమానం కొద్దీ చేసిన పని.

కోచ్ గారు వచ్చి చూసి మురిసిపోయారు. వరండాలో టీ తాగుతూ, మేస్త్రీ కాగితం చూసి దూలానికి అచ్చుగా చెక్కలు కొట్టేశాడనీ, తెల్లవారితే కాంక్రీటు పోస్తారనీ చెప్పారు. ఆ మాట విన్నాక గౌరి ఇక ఆగలేకపోయింది. మాస్టారి వెనకే గదిలోకి వెళ్లి, గురువు గీత గురించి ఆ ప్రశ్న అడిగింది అప్పుడే.

మాస్టారు ఆమె వైపు తిరిగారు. "ఎక్కడమ్మా?" అని అడిగారు. మెట్ల దగ్గరనీ, మోడల్లో దూలాన్ని తాను పైకి జరిపేశాననీ ఆమె గొణిగింది. ఆయన కాగితం పరిచి, స్కేలు పెట్టి, చాలాసేపు చూశారు. తర్వాత ఆ కాగితమూ ఒక తాడూ పట్టుకుని వరండాలోకి నడిచారు. కాగితం మీద రాసిన ఎత్తుల లెక్కన మెట్టుకూ దూలానికీ మధ్య ఎంత ఎడముందో నేల మీంచి అంతే ఎత్తు కొలిచి, రెండు స్తంభాల మధ్య తాడు బిగించి కట్టారు.

"కోచ్ గారూ, మీ మేడ ఎక్కుతున్నాననుకుని ఇలా ఓసారి నడిచి రండి," అన్నారు.

కోచ్ గారు టీ గ్లాసు చేత్తో పట్టుకునే, మాస్టారి వెనకే వచ్చిన గౌరితో ఏదో చెబుతూ నడిచి వచ్చారు. తాడు టపీమని నుదుటికి తగిలింది. టీ చొక్కా మీద ఒలికింది. కోచ్ గారు పడీపడీ నవ్వి, "ఇందాక బొమ్మలో తగల్లేదు కదేటండీ?" అన్నారు.

"బొమ్మలో మా అమ్మాయి దూలాన్ని ఎత్తింది. కాగితంలో ఎత్తాల్సినవాణ్ణి నేను, మరిచిపోయాను. మేస్త్రీకి ఫోన్ చేసి పని ఆపించండి," అన్నారు మాస్టారు మామూలు గొంతుతోనే. కోచ్ గారు నవ్వు ఆపకుండానే ఫోన్ తీశారు.

గౌరి తాడు విప్పబోయింది. కళ్లనిండా నీళ్లు, ముడి కనబడలేదు. నలుగురిలో ఆయన చిన్నబోతే చూడలేననుకున్నానని ఎలాగో చెప్పగలిగింది. మాస్టారు ఆమె చేతిలోంచి తాడు తీసుకుని, చెవి సందునున్న పెన్సిలు తీసి ఆ చేతిలో పెట్టారు. తన కాగితాన్ని ఆమెకు అందించారు.

వరండా చివర కోచ్ గారు నుదురు రుద్దుకుంటూ, జరిగింది మేస్త్రీకి చెప్పి ఇంకా నవ్వుతూనే ఉన్నారు. మాస్టారు అటు తిరిగారు.

"తాడు కాబట్టి నవ్వేరమ్మా," అన్నారు.