మోచేతి మాసిక

బందరు వలందపాలెంలో చిత్రలేఖనం నేర్పే శరభయ్య మాస్టారికి అడిగినదానికి తిన్నగా బదులిచ్చే అలవాటు లేదు. కుంచె కడిగి, తుడిచి, కుర్చీ నీడలోకి జరుపుకుని, అప్పుడు ఎవరి కథో ఎత్తుకుంటారు. కథయ్యాక దాని భావమేమిటని అడిగితే మాత్రం విసుక్కుంటారు.

ఆయన శిష్యుడు నాంచారయ్య ఒకనాడు బెజవాడ ప్రదర్శనకు పంపబోయే పటం తెచ్చి గోడకు ఆనించాడు. వీధి చివర ఇడ్లీలు వేసే సామ్రాజ్యమ్మ బొమ్మ అది. అతనికిదే మొదటి ప్రదర్శన. పటం తిరిగొచ్చిందా, మళ్ళీ దుకాణాలకు బోర్డులు రాసుకోవడమే.

"ఉన్న ముడతలకి ఇంకో నాలుగు కలిపాను మాస్టారూ. కళ్ళకింద నలుపు కూడా పెట్టాను. అయినా చూసినవాళ్ళకి కన్నీళ్ళు రావడం లేదు. ఇంకేం చెయ్యమంటారు?"

శరభయ్యగారు పటం వంక చాలాసేపు చూసి, కుంచె కడిగి, కథ మొదలుపెట్టారు.

ఈ పేటకు పేరు తెచ్చిన వలందావాళ్ళ, అంటే డచ్చివాళ్ళ, దేశంలో, మూడున్నర వందల ఏళ్ళ కిందట, రాజులనూ దేవతలనూ పక్కనబెట్టి మామూలు జనం వంటిళ్ళూ వాకిళ్ళూ గీసే చిత్రకారులు ఉండేవారట. వాళ్ళలో యోరిస్ ఒకడు. అతని పొరుగున ఆనెకె అనే ఆవిడ ఊరివాళ్ళ చిరిగిన బట్టలకు మాసికలు వేసి బతికేది. కిటికీ పక్కన కూర్చుని కుట్టుకుంటున్న ఆవిణ్ణి యోరిస్ నెల్లాళ్ళపాటు గీశాడు. ఆవిడ చొక్కా మోచేతి దగ్గర పాత చిరుగొకటి ఉండేదని అతనికి తెలుసు. దాని మీద అరచేయంత మాసిక గీసి, దారాలు వేలాడేసి, జనం అయ్యో అంటారని తనలో తాను మురిసిపోయాడు. పటం ఊరి సంతలో పెట్టే ముందు, మర్యాదకని ఆనెకెను పిలిచి చూపించాడు.

ఆవిడ పటం ముందు నిలబడి బొమ్మలోని మోచేతిని చూసింది. తన మోచెయ్యి అతని ముందుకు చాపి, "నా మాసిక ఎక్కడుందో చూపించండయ్యా" అంది.

యోరిస్ చూశాడు. కనబడలేదు. ఆవిణ్ణి కిటికీ దగ్గరికి రమ్మని, ముక్కు మోచేతికి ఆనేంతగా వంగి వెతికితే అప్పుడు దొరికాయి, నువ్వుగింజకన్నా చిన్న కుట్లు.

"పేదరికం తెలియాలి కదమ్మా" అని గొణిగాడు.

"పేదదాన్నే గానీ పని రానిదాన్ని కాదు. ఈ పటం సంతలో పెడితే రేపటినుంచి నా చేతికి గుడ్డ ఇచ్చేదెవరు?"

యోరిస్‌కు సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. నెల్లాళ్ళు ఎదురుగా కూర్చుని ఆవిడ చేతిపని చూడనేలేదని అప్పటికి తెలిసొచ్చింది. ఆ మోచేతి మేరకు రంగు గోకేసి, ఉన్న కుంచెల్లో సన్నదాన్ని తీసుకుని, ఆవిడ కుట్టిన కుట్లన్నీ ఒక్కొక్కటే మళ్ళీ వేశాడు. మూడు రోజులు పట్టింది. అతను అంత హాయిగా పనిచేసి ఎన్నాళ్ళో అయింది. నాలుగో రోజున పటం సంతకెక్కింది. జనం ఒకరి భుజాల మీంచి ఒకరు వంగి ఆ మోచెయ్యి చూశారు.

శరభయ్యగారు అక్కడితో ఆపేశారు. నాంచారయ్య ఉండబట్టలేకపోయాడు.

"మరి చూసినవాళ్ళకి కన్నీళ్ళొచ్చాయా మాస్టారూ?"

"అది నాకు తెలీదు నాయనా. మర్నాడు పొద్దున్నే ఆవిడ గుమ్మం ముందు మాత్రం చిరిగిన బట్టలు పట్టుకుని జనం నిలబడ్డారట."