దివాన్‌గారి ఎడం

నేను అచ్చుపని పుస్తకం చదివి నేర్చుకున్నాను. ఆ పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని మా ఆవిడ అంటుంది. కాబట్టి ఈ కథలో తెలివి నాది కాదు, గవరయ్యది.

గవరయ్య రాజుగారి అచ్చుకూటంలో అక్షరాలు పేర్చేవాడు. రాజుగారి బిరుదులు చాంతాడంత. ప్రతిసారీ పేర్చలేక, వాటన్నిటినీ రాజుగారి పేరుతో కలిపి ఒకే సీసం దిమ్మగా పోయించుకున్నాడు. దాని పక్కన ఖాళీ కావాలంటే చేత్తో పెట్టుకోవాలి. ఓసారి అది మరిచాడు. రాజుగారి పేరుకి దివాన్‌గారి పేరు అతుక్కుపోయింది.

"దిమ్మలోనే ఖాళీ పోయించు," అన్నాడు దివాన్.

"అలా చేస్తే వాక్యం చివరి చుక్క కూడా దూరంగా పడుతుంది బాబూ."

"ప్రభువుల వెనక ఎవరొచ్చినా ఎడం ఉండాల్సిందే. మళ్లీ నోరెత్తావా, నీ కొలువు ఊడుతుంది."

మర్నాడు మిట్టమధ్యాహ్నం రాజుగారు ఊరేగుతుంటే, గొడుగు పట్టే సింహాద్రి నాలుగు బారల వెనక నడుస్తున్నాడు. రాజుగారి నెత్తి మాడిపోతోంది.

"ఏమిట్రా ఇది?"

"దివాన్‌గారి ఆజ్ఞట ప్రభూ. మా బావ గవరయ్య చెప్పాడు."

గవరయ్యను పిలిపించి అడిగితే జరిగిందంతా చెప్పాడు.

"వెనకొచ్చేది ఎవరో చూసి కదయ్యా ఎడం పెట్టాలి," అన్నారు రాజుగారు. "గొడుగువాడు అంటుకునే నడవాలి."

"చుక్క కూడా అంతే ప్రభూ. ఆ చూసే పని దిమ్మకు రాదు, నాకొచ్చు."

"అయితే దిమ్మ జోలికి పోకు. నువ్వే చూసుకో."

రాజుగారి పక్కనే ఉన్న దివాన్ మాత్రం ఎవరూ చెప్పకుండానే రెండడుగులు వెనక్కి జరిగాడు.