ముందు ఎడమ కాలు

కొండ కిందున్న గోల్ఫ్ మైదానానికి సోమవారం సెలవు. ఆ రోజు మనుషులు రారు గనక కొండ మీది జంతువులు దిగివచ్చి, వాళ్ళు మరిచిపోయిన కర్రలతో, బంతులతో ఆడుకునేవి. అందరిలోకీ బాగా కొట్టేవాడు నరసింగం అనే నక్క. అందరిలోకీ అధ్వాన్నంగా కొట్టేవాడు బంగారయ్య అనే ఎలుగుబంటి. అతను కర్ర ఎత్తితే చూడ్డానికొచ్చిన వాళ్ళు చెట్ల చాటుకు పోయేవారు.

అలాంటి బంగారయ్య ఒకనాడు నోరు జారాడు. "అంతలావు చేతులు చూపులకేనా బావా?" అని నక్క గిల్లితే, ఉక్రోషం పట్టలేక పందెం ఒప్పుకున్నాడు. తలా ఒక్క దెబ్బ. బంతిని మైదానం మధ్యనున్న కుంట దాటించినవాడిదే ఇప్పచెట్టు. ఆ చెట్టు తాతలనాటి నుంచి బంగారయ్యది. అసలే పూలు రాలే కాలం. అది పోతే ఎండాకాలమంతా చెదపురుగులతో సరిపెట్టుకోవాలి.

పందెం నాటి ఉదయం అతను దొడ్డయ్య దగ్గరికి పరుగెత్తాడు. దొడ్డయ్య ఆ మైదానంలో గడ్డినేల చదును చేసే రోలరు లాగే ముసలి ఎద్దు. వారానికి ఆరు రోజులు ఆటగాళ్ళను చూస్తూ నెమరేస్తుంటాడు.

"పెద్దయ్యా, కర్ర పైకి బాగానే పోతోంది. దిగేటప్పుడే నా కొంప ముంచుతోంది."

"దించేటప్పుడు ముందు ఏం కదుపుతావు?"

"చేతులు. ఇంకేం కదుపుతారు?"

దొడ్డయ్య పక్కనున్న పొదవైపు ఓసారి చూసి, గొంతు పెంచాడు. "సరిగ్గా చెప్పావు. కిటుకంతా చేతుల్లోనే ఉంది. పైనుంచి చేతులతో ఒక్క గుంజు గుంజు."

బంగారయ్యకు నీరసం వచ్చింది. ఆ మాత్రం తనకూ వచ్చు. ఎద్దు అతన్ని రోలరు దాకా నడిపించి, చెవిలో చెప్పాడు.

"పొదలో నరసింగం నక్కి ఉన్నాడు. వాడు వినాల్సింది విన్నాడు. ఇప్పుడు నువ్వు నా కాళ్ళు చూడు."

ఎద్దు మొదట కాలు నేలకు ఊనాడు. తర్వాత నడుము కదిలింది, ఆ తర్వాత మెడ. అన్నిటికంటే చివర రోలరు దొర్లింది.

"మెడతో మొదలుపెడితే మెడ పట్టేస్తుంది, రోలరు కదలదు. నీదీ అంతే. కర్ర పైకెళ్ళాక ముందు ఎడమ కాలి మీద బరువు పెట్టు. నడుము తిరగనీ. చేతులకు తొందరేం లేదు, అవే వస్తాయి."

మధ్యాహ్నం నక్క ముందు కొట్టాడు. బంతి కొట్టడం నరసింగానికి ఎవరూ నేర్పని విద్య. ఎలుక మీదికి దూకేవాడిలాగే తనకు తెలియకుండా కాళ్ళతో మొదలుపెట్టేవాడు. ఇవాళ మాత్రం పొదలో విన్నది గుర్తు తెచ్చుకుని చేతులతో గుంజాడు. కర్ర బంతికి జానెడు ఇవతల నేలలో దిగబడింది. మట్టిపెళ్ళ ఎగిరి అతని నెత్తినే పడింది. బంతి తీరిగ్గా దొర్లుకుంటూ వెళ్ళి కుంటలో మునిగింది.

బంగారయ్య కర్ర ఎత్తాడు. చేతులు ఎగబడబోయాయి. "ఆగండిరా" అని వాటిని కసురుకుని ఎడమ కాలు ఊనాడు. నడుము తిరిగింది, చేతులు వెంట వచ్చాయి. బంతి కుంట దాటి అవతలి గట్టు మీద పడింది. చెట్టు దక్కినందుకు అతనికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

నక్క ఎద్దు మీదికి తగువుకు వెళ్ళాడు. "అదేంటి పెద్దయ్యా, చేతులతో గుంజమన్నావు గదా?"

"అన్నాను. నీతో అన్నానా అల్లుడూ?"

అందరూ తనవైపే చూస్తుంటే నరసింగం నెత్తిమీది మట్టి దులుపుకుంటూ కొండెక్కాడు.

నీతి: ఒళ్ళెరిగిన విద్యను వదిలి, చాటుగా విన్న మాటను నమ్మితే ఉన్నదీ చెడుతుంది.