తల దించని గుర్రం

గుండ్లకోన అనే ఒకానొక రాజ్యంలో నేల నిండా రాళ్ళు, రాజు నిండా గొప్పలు. రాజు గండభూపతి తన గుర్రం మొగలికి కూడా ఒక శాసనం చేశాడు. రాజాశ్వం ఎవరి ముందూ తల దించకూడదు. అందుకని పగ్గం బిగించి లాగి, దాని మూతి ఆకాశానికి ఎత్తి ఊరేగేవాడు.

అలా నడిస్తే కాలి కింద రాయి ఎలా కనబడుతుంది? మొగలి తడబడేది. తడబడ్డప్పుడల్లా మూడు కొరడా దెబ్బలు. దెబ్బలకు బెదిరి మరింత తడబడేది. చివరికి రాజు విసిగిపోయాడు.

"రేపటి నుంచి దీన్ని గానుగకు కట్టండి."

గుర్రాల కాపరి ఎర్రపోతు ఆ మాట విన్నాడు. తల్లి చచ్చిన మొగలిని పిల్లప్పటి నుంచి మేకపాలు పట్టి పెంచాడు. అది గానుగ చుట్టూ తిరుగుతుంటే చూడగలడా?

తెల్లారి రాజు కొరడా ఊపుకుంటూ గుర్రాన్ని పంపించేయడానికి సభామంటపం నుంచి బయలుదేరాడు. ఎర్రపోతు పక్కనే నడుస్తూ, "ఏలినవారూ, పై దూలం మీద తమ పట్టాభిషేకం చెక్కారు. ఆ మీసం చూడండి, ఎంత ఠీవి!" అన్నాడు.

రాజు తలెత్తి, మీసం దువ్వుకుంటూ నాలుగడుగులు వేశాడు. గడప తన్నుకుని ముందుకు తూలాడు. వెనకే వస్తున్న మంత్రి పట్టుకోబట్టి సరిపోయింది.

ఎర్రపోతు జారిపడిన కొరడా తీసి రెండు చేతులా మంత్రికి అందించాడు. "తడబడితే మూడు దెబ్బలని ప్రభువుల ఆజ్ఞ. తమరు కొడతారా, వేరెవరినైనా పిలవమంటారా?"



"ఓరి, నా తల పైకెత్తించింది నువ్వు కాదట్రా? ఇక గడప నాకెలా కనబడుతుంది?" అన్నాడు రాజు.

"మొగలి మాటా అదే ప్రభూ. నోట్లో కళ్ళెం ఉంది కనుక చెప్పలేకపోయింది."

రాజు కాసేపు కాలి బొటనవేలు రుద్దుకున్నాడు. "అయితే తడబడినప్పుడు రౌతు ఏం చేయాలి?"

"నిటారుగా కూర్చుని పగ్గం వదలాలి. మెడ చాపుకోనిస్తే నిలదొక్కుకోవడం దానికే తెలుసు. ఆ తర్వాత దిగి, గిట్టలో రాయేమైనా ఇరుక్కుందేమో చూడాలి. కొరడాతో పనే లేదు."

రాజు అప్పుడే ఎక్కి రాళ్ళబాటన పోయాడు. ఒకచోట మొగలి కాలు జారింది. రాజు పగ్గం వదిలాడు. అది మెడ చాపి, సర్దుకుని, ఏమీ జరగనట్టు నడిచింది.

తిరిగొచ్చి, భుజం మీది పట్టుశాలువా ఎర్రపోతుకు కప్పి, అశ్వశాల పెత్తనమంతా అతనికే అప్పగించాడు.

మంత్రి మాత్రం గొణిగాడు. "రాజాశ్వం తల దించితే లోకం ఏమనుకుంటుంది ప్రభూ?"

రాజు పగలబడి నవ్వాడు. "రాజు కింద పడలేదనుకుంటుంది."