కిరసనాయిలు కుండ

ఆ పొద్దున దస్తగిరికి కాళ్ళు నేలమీద నిలవలేదు.

రంగుల ఫ్యాక్టరీ మూతబడి ఏళ్ళయినా, దాని మందులు భూమిలోకి దిగి ఊరిబావిని పాడుచేశాయి. రెండేళ్ళుగా అతను బావి దగ్గర మోటారు పెట్టి, ఆగకుండా నీళ్ళు తోడిస్తున్నాడు. బొగ్గు నింపిన ట్యాంకుల్లో వడకట్టి వాగులోకి వదులుతున్నాడు. మొదట్లో ఎర్రగా, ఘాటుగా వచ్చిన నీళ్ళు ఇప్పుడు వెన్నెల కరిగించి పోసినట్టు వస్తున్నాయి. మూడు వారాలుగా పరీక్షల్లో ఏ మందూ తేలలేదు.

ఎల్లుండి దర్గాలో గంధం పండుగ. ఆరోజు ఊరంతటికీ షర్బతు పోస్తారు. ఒకప్పుడు దాన్ని ఆ బావినీళ్ళతోనే కలిపేవాళ్ళు. ఇప్పుడు ట్యాంకరు నీళ్ళే గతి. ఈసారి బావినీళ్ళేనని దస్తగిరి మాటిచ్చేశాడు.

దర్గా ముందర గంగాళాలు తోముతున్న ఖాజాబీ అతన్ని చూసి నవ్వింది.

"ఏమబ్బా, బాయికి పెండ్లికొడుకా! నీ నీళ్ళు తాగితే మా పిల్లోల్లకు ఏం కాదు గదా?"

"నాది పూచీ అక్కా!"

దర్గా వెనక గుడిసెలో ఉండే తన గురువు నాగుల్‌మీరా బాబా దగ్గరికి పరుగున వెళ్ళాడు.

"బావి బాగుపడింది బాబా! మోటారు ఆపేస్తున్నా. మొదటి గ్లాసు మీకే."

బాబా మూలనున్న మట్టికుండ చూపించాడు. దీపాలకని కిరసనాయిలు పోసి ఉంచే కుండ.

"దీన్ని కడుగు నాయనా."

దస్తగిరి దాన్ని ఖాళీ చేసి, చింతపండుతో తోమాడు. బూడిదతో తోమాడు. కుంకుడు రసం పోసి తోమాడు. పదోసారికి, పోసిన నీళ్ళు పోసినట్టే బయటికొచ్చాయి. ముక్కు పెట్టి చూశాడు. వాసన లేదు.

"అయిపోయింది బాబా. పసిబిడ్డకు పాలైనా పోయొచ్చు దీంట్లో."

"నీళ్ళు నింపి మూతపెట్టు. రేపు రా."

మరునాడు మధ్యాహ్నం బాబా ఆ కుండలో నీళ్ళు ముంచాడు. చక్కెర వేసి, నిమ్మకాయ పిండి, గ్లాసు చేతికిచ్చాడు.

"తాగు."

దస్తగిరి గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. నిమ్మకాయను దాటుకుని కిరసనాయిలు గుప్పుమంది.

"కడిగినంతసేపూ లేదు బాబా! నేను ముక్కు పెట్టి చూసినా గదా. ఊరికే ఉంచేసరికి మట్టిలోంచి మళ్ళీ..."

గోడ అవతల గంగాళాలు తోముతున్న చప్పుడు. పిల్లలెవరో అరుస్తున్నారు. గ్లాసును మెల్లగా కింద పెట్టాడు.

"ట్యాంకరు పిలిపించమని ఖాజాబక్కకు చెప్పొస్తాను," అన్నాడు చివరికి. "తిట్టనీ. మోటారు ఆపేసి, మూడు నెలలు బావిని ముట్టుకోను. ఆ తర్వాత నీళ్ళు తీసి చూస్తాను."

బాబా తలూపాడు.

గడప దాకా వెళ్ళి దస్తగిరి వెనక్కి తిరిగాడు.

"అప్పుడైనా పోయుంటుందా బాబా?"

బాబా కుండ వంచి నీళ్ళు పారబోశాడు. మళ్ళీ నిండా నింపి, మూతపెట్టాడు.

"చూద్దాం నాయనా."